పద్నాలుగో నంబరు రక్తం

పద్నాలుగో నంబరు గుంటలో రంగు అంత చిక్కగా రావడానికి వీల్లేదు. మొదట నా చెయ్యే తప్పు చేసిందనుకున్నాను.

హైదరాబాద్‌లో మా ల్యాబ్‌లో రక్తపరీక్షకు అరచేతి వెడల్పు ప్లాస్టిక్ పళ్లెం వాడతాం. అందులో వరసగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కో మనిషి రక్తంలోంచి తీసిన తేట పోస్తాం. మేం వెతికే ప్రోటీన్ ఆ తేటలో ఎంత ఎక్కువుంటే గుంట అంత ముదురు పసుపు రంగు తేలుతుంది. ఆ మధ్యాహ్నం ఆరోగ్యవంతుల వరసలో గుంటలన్నీ పసుపు కలిపిన నీళ్లలా పలచగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం బంతిపువ్వు రంగులో ఉంది. అదే పద్నాలుగు. మర్నాడు కొత్త పళ్లెం తీసి, మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ బంతిపువ్వే.

నేను పదకొండేళ్లుగా చదువుతున్నది ఈ ఒక్క ప్రోటీన్‌నే. ఊపిరితిత్తుల చివర ఆవగింజ కన్నా చిన్న గాలి గదులుంటాయి. వాటి లోపలి గోడల మీద సబ్బు నురగలాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. ఆ పొర లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ గదులు తడిసిన పాలిథిన్ సంచిలాగా అతుక్కుపోతాయి, మళ్లీ తెరుచుకోవడం కష్టమవుతుంది. పొరలో ఎక్కువ భాగం కొవ్వే, దానితోపాటు నాలుగు రకాల ప్రోటీన్లు. వాటిలో నాది కావలి పని చేస్తుంది. గాలితో లోపలికొచ్చే బూజునూ క్రిములనూ పట్టి ఆపుతుంది. దాని చోటు ఊపిరితిత్తే. రక్తంలో అందరికీ కొద్దిగా ఉంటుంది. గాలి గది గోడ దెబ్బతిన్నప్పుడు మాత్రం ఎక్కువగా కారి రక్తంలో కలుస్తుంది. అంటే, దగ్గు రాకముందే, ఎక్స్‌రేలో ఏమీ కనబడకముందే, ఒక చుక్క రక్తం చూసి లోపల గోడ కారుతోందేమోనని అనుమానించవచ్చు. అనుమానమే, నిర్ధారణ కాదు.

నా అధ్యయనం ఇది. భద్రాచలం దాటాక చర్ల దారిలో అడవిని ఆనుకున్న ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి లోపలే కట్టెల పొయ్యి మీద వండుతారు. ఆ పొగ వాళ్ల ఊపిరితిత్తుల్ని ఏం చేస్తోందో ఈ ప్రోటీన్‌తో కొలవాలి. పోల్చి చూడటానికి గ్యాసు మీద వండుకునే ఆరోగ్యవంతులైన ఆడవాళ్లు కావాలి. వాళ్లను ఎక్కడ వెతకాలో నేను పెద్దగా ఆలోచించలేదు. తల్లాడ దగ్గర మా ఊరికే పోయాను. అక్కడైతే నన్ను చూసి చెయ్యి చాపుతారు, ఎందుకని అడగరు. సులువుగా ఉంటుందని చేశాను. ఈ మాట తర్వాత చాలాసార్లు ఒప్పుకోవలసి వచ్చింది.

రక్తం తీసే ముందు రెండు చోట్లా సమ్మతి పత్రం చదివి వినిపించాను. అందులో ఒక వాక్యం ఉంది: 'ఈ పరీక్ష ఫలితాలు వ్యక్తిగతంగా తెలియజేయబడవు.' మా ఊళ్లో ఆ వాక్యం ఎవరూ వినలేదు. బడి వరండాలో ముచ్చట్లాడుకుంటూనే వేలిముద్రలు వేశారు, సంతకాలు పెట్టారు. అడవి ఊళ్లో మాత్రం ఒకామె విన్నది. దాదాపు నా వయసే, ముప్పై ఎనిమిది ఉంటాయేమో. కోయభాషే ఎక్కువ మాట్లాడినా తెలుగు బాగా వచ్చు.

"నా నెత్తురుల ఏమన్న చెడు కనబడితే నాకు చెప్తవా?" అని అడిగింది.

"ఇది పరిశోధన అక్కా. వైద్యం కాదు."

ఆమె పక్కనున్న ఆశా కార్యకర్త వైపు తిరిగి తన భాషలో ఏదో అన్నది. ఆశా నవ్వి ఊరుకుంది. ఏమన్నదని దారిలో అడిగితే, "ఏం లేదు మేడమ్. 'మరి నాకేంది' అన్నది" అని చెప్పింది. ఆమె చెయ్యి చాపింది, నేను రక్తం తీసుకున్నాను. గొడుగు మడిచి జీపెక్కాను. ఆ మాట మళ్లీ తలుచుకోలేదు.

గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా మా ప్రొఫెసర్ మేడమ్ దగ్గర బీరువాలో ఉంటుంది. మనిషి ఎవరో తెలిస్తే చూసే కన్ను మారుతుందని ఈ ఏర్పాటు. నేనే పెట్టిన నియమం. ఇప్పుడు ఆ నియమం ముందుకు నేనే పోయి నిలబడ్డాను.

"పద్నాలుగు ఎవరో తెలియాలి మేడమ్."

"ఎందుకు?"

"అది మా ఊరి వరసలోది."

"అందుకే నీకు చెప్పకూడదు" అన్నారు మేడమ్. కోపంగా అనలేదు. "ఎథిక్స్ కమిటీకి రాయి. వాళ్లు ఒప్పుకుంటే నేనే ఆ మనిషికి కబురు చేస్తాను" అన్నారు.

ఆ సాయంత్రమే రాసి ఇచ్చాను. ఇక ఎదురుచూడటమే. ఆ రోజుల్లో నేను చేసిన పని ఒక్కటే, ప్రతి ఉదయం మా ఊరికి ఫోన్లు చెయ్యడం. అంగన్‌వాడీ టీచరుకు, నాతో పదో తరగతి చదివినామెకు, ఇద్దరు పిన్నులకు, మా వదినకు. ఏదో ఒక సాకు చెప్పి మాట్లాడేదాన్ని, మాటలు మాత్రం వినేదాన్ని కాదు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినేదాన్ని. ఒక పిన్ని గొంతు సవరించుకుంటే ఏమైందని రెండుసార్లు అడిగాను. తమలపాకు నములుతున్నానని ఆమె చెప్పాక గానీ కుదుటపడలేదు. ఎవరో ఒకరికి లోపల గోడ కారుతోంది. అది నాకు తెలుసు, ఆ మనిషికి తెలియదు. ఎవరో మాత్రం నాకూ తెలియదు.

నాలుగో రోజు వదిన ఒక వాక్యం మధ్యలో ఆగింది.

"ఏందొదినా, ఆయాసపడుతున్నవ్?"

"మెట్లెక్కి వచ్చిన పిల్లా" అన్నది.

మా ఇంటికి ఉన్నవి మూడే మెట్లు.

వదిన గురించి చెప్పాలి. నేను నాలుగో తరగతిలో ఉండగా ఆమె మా ఇంటికొచ్చింది. అప్పటికే మా అమ్మ లేదు. పెండ్లయిన వారం నుంచే నా తల దువ్వింది, జడ వేసింది, తల్లాడ బడికి ఆటో ఎక్కించింది. నేను ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటానంటే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. "అది చెప్పిందే చదువుతది" అని అన్నయ్యకు అడ్డం నిలబడింది. బడి వరండాలో నేను రక్తం తీసిన రోజు అందరికంటే ముందు చెయ్యి చాపింది కూడా ఆమే. వెనకాడుతున్న ఆడవాళ్లను, "మన పిల్ల చదువుకు గింత నెత్తురు ఇయ్యలేరా?" అని కసిరి లైన్లో నిలబెట్టింది.

రెండు రోజులు సెలవు పెట్టి ఖమ్మం బస్సెక్కాను. కమిటీ జవాబు రాలేదు. నంబరు సంగతి ఎవరికీ చెప్పకూడదు, చెప్పను. కానీ వదినను చూడటానికి పోవద్దని ఏ నియమమూ లేదు కదా అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను.

ఇంటికి తాళం ఉంది. అందరూ కల్లంలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు. నెలన్నర కింద ఒకసారి తడిసిన మిరపకాయ, మూడు రోజుల కింద పడిన వానకు మళ్లీ తడిసిందట. పట్టాలు కప్పేలోపే అడుగు కాయకు నీళ్లెక్కాయట. మా చేను ఊరికి కిలోమీటరు. నేను పోయేసరికి పది పన్నెండు మంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని మంచి కాయ ఒకవైపు, తెల్లబారిన తాలు కాయ ఒకవైపు ఏరుతున్నారు. కూలికి వచ్చినవాళ్లు ముక్కుకూ నోటికీ చీర కొంగులు చుట్టుకున్నారు, కళ్లొక్కటే కనబడుతున్నాయి. మధ్యలో వదిన. కొంగు తల మీదుంది, ముఖానికి లేదు.

"ఏంది పిల్లా, చెప్పకుండ వచ్చినవ్?" అని నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది.

ఆమె తాలు కుప్పలోకి చెయ్యి దూర్చి రెండు గుప్పిళ్లు ఎత్తింది. కాయలతోపాటు సన్నటి బూడిదరంగు దుమ్ము లేచింది. కారం దుమ్ము ఎర్రగా ఉంటుంది, ముక్కులో పొడుస్తుంది. ఇది మెత్తగా లేచి, ఎండలో ఒక్క క్షణం నిలబడి, ఆమె ముఖం మీదికి పోయింది. నేను చూస్తూ ఉండిపోయాను. బూజును పట్టే ప్రోటీన్‌ను పదకొండేళ్లు చదివినదాన్ని, మిరప పండే ఇంట్లో పుట్టినదాన్ని. ఈ దుమ్మును దుమ్ముగా అంతకుముందు ఒక్కసారి చూడలేదు.

"వదినా, లే. ఇంటికి పోదాం."

"కాయ ఎవరు ఏరుతరు? మళ్ల మబ్బు పడుతుంది చూడు."

సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసిందో లేదో ఆమెకు వణుకు మొదలైంది. ఎండాకాలం, ఫ్యాను ఆపించి దుప్పటి కప్పుకుంది. ఒళ్లు కాలిపోతోంది. దగ్గితే పక్కటెముకలు పట్టుకుంటోంది.

"ఎన్ని రోజుల సంది?" అని అన్నయ్యను అడిగాను.

"నెలయితుంది చెల్లె. పొద్దుగూకంగ వస్తది, తెల్లారేసరికి పోతది. ఆర్‌ఎంపీ మలేరియా గోలీలిచ్చిండు."

"రోజూ వస్తదా?"

అన్నయ్య ఆలోచించాడు. "రోజూ గాదు. నేలకొండపల్లి పెండ్లికి పోయినప్పుడు మూడొద్దులు మంచిగనే ఉన్నది. లడ్డూలు కూడ తిన్నది. వచ్చి కల్లంల కూసున్నది, మళ్ల షురువైంది."

ఇంటికి దూరంగా ఉన్న మూడు రోజులూ జ్వరం రాలేదు. నాకు ఇక ఏ జాబితా అక్కర్లేదనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ముందు గదిలో గోడవారగా తాలు బస్తాలు. ఇంటివాళ్లు ఎండాకాలం ఆ గదిలోనే చల్లగా ఉంటుందని పడుకుంటారు. ఆ బస్తాలు అప్పటికప్పుడు అన్నయ్యతో కలిసి బయటి పశువుల కొట్టంలోకి ఈడ్చాను. ఎందుకని ఆయన అడగలేదు. నా ముఖం చూసి భయపడ్డాడని తర్వాత చెప్పాడు.

తెల్లారి వదిన ఏమీ జరగనట్టు లేచి, వాకిలి ఊడ్చి, కల్లానికి తయారైంది. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఖమ్మం పోదాం. దవాఖానలో చూపిద్దాం."

"రెండొద్దులు ఆగు పిల్లా. కాయ అయిపోనీ."

"కాయ కాయ అంటవేంది? నీకేమన్న అయితే?" నా గొంతు నాకే తెలియకుండా పెరిగింది. వాకిట్లో నిలబడి ఆమె మీద అరిచాను. చిన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆమెతో అలా మాట్లాడలేదు.

వదిన చీపురు పక్కన పెట్టింది. నా వైపు చూసింది. "నీకు ఏందో తెలుసు" అన్నది మెల్లగా. "తెలిసే వచ్చినవ్."

నేను తల ఊపలేదు. కాదనలేదు కూడా.

"సరే. అరవకు. నేను రానన్ననా?" అని లోపలికి పోయి చీర మార్చుకుంది.

ఖమ్మంలో ఊపిరితిత్తుల డాక్టరు పెద్దాయన, తొందరపడని మనిషి. వదిన వీపు మీద స్టెతస్కోపు పెట్టి, కదలకుండా చాలాసేపు విన్నాడు. తర్వాత దాన్ని తీసి నా చేతికిచ్చాడు. ఊపిరి లోపలికి పీల్చినప్పుడు చివర్లో చిన్న చిన్న చిటపటలు, వెల్క్రో చెప్పు పట్టీ అంటుకున్నది లాగి విప్పినట్టు. నేను కొలిచే ప్రోటీన్ అక్కడి నుంచే కారుతుంది. పదకొండేళ్లలో ఆ చప్పుడు నా చెవులతో వినడం అదే మొదలు. విన్నది మా వదిన వీపులో.

స్కానింగ్ గది బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. లోపల నుంచి 'ఊపిరి పీల్చండి, ఆపండి' అని మిషన్ గొంతు వినబడుతోంది. ఆమె ఆపగలుగుతోందా, దగ్గు వస్తోందా అని చెవులు తలుపుకు అంటించాను. పుస్తకాల్లో చదివినవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. గోడలు వాచి ఉంటే తగ్గుతాయి. మచ్చకట్టి గట్టిపడితే తగ్గవు. వాపా, మచ్చా? లోపలికి వెళ్లే ప్రతి తెల్లకోటునూ ఆపి అడగాలనిపించింది. నేనూ పీహెచ్‌డీ డాక్టరునే అని చెప్పబోయి మానుకున్నాను. ఆ బల్ల మీద ఆ మాటకు విలువ లేదు.

రెండూ ఉన్నాయని తేలింది. ఎక్కువ భాగం వాపు, కింది అంచుల్లో కొంచెం మచ్చ.

"బూజు పట్టిన కాయ దుమ్ము లోపలికి పోయిందమ్మా. మీ ఒంటికి అది పడలేదు" అని డాక్టరు వదినకు విడమరచి చెప్పాడు. "గోలీలు రాస్తాను. కానీ అసలు మందు వేరే. మీరు ఇక కల్లంలోకి పోకూడదు."

"ఎన్ని రోజులు సార్?"

"ఎన్ని రోజులని కాదు. ఇక పోకూడదు."

వదిన తన చేతులు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ కల్లం ఆమెదే. కాయ నాణ్యం చెప్పాలన్నా, కుప్ప ఎప్పుడు తిరగెయ్యాలన్నా అన్నయ్య కూడా ఆమెనే అడుగుతాడు.  "ప్రాణమైతే పోదు గదా?" అని నన్ను అడిగింది, డాక్టరును కాదు.

"పోదు వదినా. మొదట్లోనే దొరికింది."

డాక్టరు చీటీ రాస్తూ తల ఎత్తకుండానే అడిగాడు. "ఆమెతోపాటు ఇంకా ఎవరు ఏరుతున్నారు?"

"మా ఊరోళ్లు ఎవ్వలు రారు సార్ ఇప్పుడు. అందరికి నౌకరీలు, దుకాణాలు. కూలోళ్లే" అన్నది వదిన. "చర్ల దిక్కు నుంచి వస్తరు. ప్రతి ఏడాది వాళ్లే. మూడు నెలలు మా చేన్లనే గుడిసెలేసుకొని ఉంటరు."

నేను చీటీ అందుకోవడానికి చెయ్యి చాపి ఉన్నాను. అలాగే ఉండిపోయాను.

ఇక్కడ దాచిపెట్టకుండా ఒక మాట చెప్పాలి. ఆ పళ్లెంలో ముదురు పసుపు రంగు తేలింది పద్నాలుగు ఒక్కటే కాదు. అడవి ఊరి ఆడవాళ్ల వరసలో చాలా గుంటలు అలాగే ఉన్నాయి. అవి చూసినప్పుడు నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. పొగ గురించి నేను అనుకున్నది నిజమైందని ఆ రోజు క్యాంటీన్‌లో అందరికీ టీ తాగించాను. మా ఊరి వరసలో ఒక్క గుంట ముదిరితే నాలుగు రోజులు అన్నం సహించలేదు. వాళ్ల వరసలో అన్ని ముదిరితే గ్రాఫు గీసి, పరిశోధన పేపరు రాయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ పొగ కూడా నిలబడటం లేదు. వాళ్లు మూడు నెలలు మిరప కల్లాల్లో కూర్చుంటే, ఆ రంగు పొయ్యిదా, తాలు దుమ్ముదా?

ఖమ్మం నుంచి తిరుగు బస్సులో ఫోన్‌లో నా ప్రశ్నల పత్రం తెరిచాను. పొయ్యి ఎక్కడుంది, కిటికీ ఉందా, కప్పు ఎత్తెంత, ఏ కట్టె, రోజుకు ఎన్ని గంటలు. పొయ్యి గురించే పన్నెండు ప్రశ్నలు. వృత్తి అన్న చోట ఒక గడి, అందరికీ 'వ్యవసాయం' అని రాసి ఉంది. ఎవరి చేనులో, ఏ పంట, ఏ పని, ఎన్ని నెలలు అని నేను అడగలేదు. మా ఇంటి మిరప ఎవరు ఏరుతారో నాకు తెలియదు కూడా.

హైదరాబాద్ చేరిన మర్నాడు కమిటీ జవాబు వచ్చింది. మేడమ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "పద్నాలుగు మీ వదినగారు. కబురు చెయ్యడానికి అనుమతిచ్చారు" అన్నారు, చాలా మెత్తగా.

"తెలుసు మేడమ్. ఆమెకు మందులు మొదలైనయ్. నాకు మిగతావాళ్లు కావాలి."

"మిగతావాళ్లెవరు?"

"చర్ల వైపువాళ్లు. ఎక్కువ వచ్చినవాళ్లందరూ."

ఆమె కళ్లద్దాలు తీశారు. "వాళ్లవి ఎక్కువ రావడమే కదా మన ఫలితం."

"అది ఫలితం కాదు మేడమ్. వాళ్లు మా కల్లంలో కూర్చున్నోళ్లు." ఆ క్షణాన నా నోట మా ఊరి మాటే వచ్చింది. జరిగిందంతా చెప్పాను. పేపరు అప్పటికి దాదాపు పూర్తయింది, పెద్దవాళ్ల పేరుండే చివరి చోట మేడమ్ పేరు ఉంది, ఇద్దరికీ అది అవసరం.  ఆమె ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలా అని నేను కాలి బొటనవేలితో నేల రాస్తూ నిలబడ్డాను. చివరికి, "ఆ ప్రశ్నల పత్రం నేనూ చదివాను. నేనూ అడగలేదు" అన్నారు. పేపరు ఆపారు. కమిటీకి రెండో ఉత్తరం ఆమే రాశారు. అది తేలడానికి ఇంకా నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో ఆ ఊళ్లలో ఎవరు ఎలా ఊపిరి పీలుస్తున్నారో నాకు తెలియదు. ఫోన్ చేసి ఊపిరి వినడానికి వాళ్ల నంబర్లు నా దగ్గర లేవు.

తొలకరి పడ్డాక భద్రాచలం నుంచి ఒక ఊపిరితిత్తుల డాక్టరును, ఊపిరి కొలిచే ఊదే మిషన్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆశా కార్యకర్త అందరినీ బడి దగ్గరికి పిలిచింది. అప్పుడు 'నాకు చెప్తవా' అని అడిగినామె అందరికంటే వెనక కూర్చుంది. ఆమె పేరు మీదున్న నంబరు నాకిప్పుడు తెలుసు. వరసలో అన్నిటికంటే ముదురు రంగు ఆమెదే.

నేనే లేచి ఆమె దగ్గరికి పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, నీ రక్తంలో ఒకటి ఎక్కువ కనబడింది. ఆ రోజు చెప్పనన్న. ఇయ్యాల చెప్పటానికే వచ్చిన."

ఆమె చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది.

"మిరపకాయ ఏరను పోతవా?"

"పోతం. అందరం పోతం. నువ్వు నెత్తురు తీసినప్పుడు నడుమ వారం రోజులు ఇంటికొచ్చినం. మళ్ల పోయినం."

"ఏ ఊరు?"

ఆమె వింతగా చూసింది. "మీ ఊరే గదా. మీ అన్న కల్లంలనే. ఆ దినం నువ్వు వచ్చినవ్, మీ వదినను లెమ్మన్నవ్. నేను నిన్ను గుర్తువట్టిన. నువ్వు నన్ను గుర్తువట్టలే."

కొంగులు చుట్టుకున్న ముఖాలు, కళ్లు మాత్రమే కనబడిన ఆ వరస గుర్తొచ్చింది. ఆ రోజు నేను లేపింది ఒక్క మనిషినే. మిగతావాళ్లను ఆ దుమ్ములోనే వదిలి వచ్చాను. "తప్పయింది అక్కా" అన్నాను.  ఆశా పక్కకు తిరిగి కాగితాలు సర్దుకుంది.

మిషన్‌లో ఊదించారు. ఆమె ఊపిరి ఆమె వయసుకు ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. సాయంత్రం జ్వరాలు ఆమెకూ వచ్చాయట. కల్లం పని అయిపోయాక వాటంతటవే పోయాయట. దగ్గు మాత్రం పోలేదు. ఎక్కువ వచ్చినవాళ్లలో చాలామందిది ఇదే కథ. అందరిదీ కాదు. ఒక ముసలావిడ ఏ కల్లానికీ పోలేదు, జీవితమంతా పొయ్యి ముందే ఉంది. ఆమెదీ ముదురు రంగే. పొగ నిర్దోషి అని అనలేను, తాలు ఒక్కటే దోషి అనీ అనలేను. ఏది ఎంతో ఇప్పటికీ విడదీస్తూనే ఉన్నాం.

"తాలు ఏరే పనికి పోవద్దు" అని డాక్టరు ఆమెకు చెప్పాడు.

"మరి దేనికి పోవాలె?" అన్నది ఆమె. "తునికాకు తెంపుడు కొన్ని దినాలే. మిరుపకాయ మూడు నెలలు."

డాక్టరు నా వైపు చూశాడు.  మా వదినకు కల్లం వద్దంటే ఇంట్లో కూర్చోబెట్టడానికి అన్నయ్య ఉన్నాడు. ఈమె పనికి రాకపోతే ఇంకొకామె వచ్చి అదే కుప్ప ముందు కూర్చుంటుంది.

భద్రాచలం దవాఖానలో ఆమెకూ ఇంకో నలుగురికీ స్కానింగ్ తీయించాం, మందులు మొదలయ్యాయి. ఒకామె రానంది. రెండుసార్లు పోయి అడిగాను. మూడోసారి ఆమె ఇంట్లో లేదు.

వదినకు జ్వరాలు మళ్లీ రాలేదు. గోలీలకు ముఖం ఉబ్బింది, అద్దం చూసుకుని తిట్టుకుంది. ఇప్పుడు మూడు మెట్లు ఎక్కి ఆగకుండా మాట్లాడుతుంది. మచ్చ ఉన్న చోట మచ్చ అలాగే ఉంది, దాన్ని ప్రతి ఆరు నెలలకూ చూడాలి. ఆ ఆరు నెలలు దగ్గరపడే కొద్దీ నాకు నిద్ర తగ్గుతుంది.

ఈ ఏడు అన్నయ్య కల్లాన్ని సిమెంటు చేయించాడు. వానొస్తే నిమిషాల్లో కప్పేలా పట్టాలు తాళ్లకు కట్టి పెట్టాడు. ఏరుడు ఉదయం పూట గాలి వాలు చూసి, మాస్కులతోనే. బూజు కాయ కనబడితే ఎవరూ ముట్టకుండా ఆయనే పారతో ఎత్తి గుంటలో పూడుస్తాడు. వదిన అరుగు మీద కూర్చుని ఫోన్‌లో ఆజ్ఞలిస్తుంది. చర్ల నుంచి ఆమె కూడా వచ్చింది. తాలు దగ్గరికి పోనియ్యలేదు, చెట్టు మీది కాయ తెంపే పనికే పెట్టారు. పక్క చేన్లలో మాత్రం ఎవరూ ఏమీ మార్చలేదు. "ఇన్నేండ్ల సంది లేని రోగం ఇప్పుడేంది" అంటారట.

పోయిన నెల వాళ్లందరి రక్తం మళ్లీ తీశాం. వదిన గుంట పలచబడింది. చర్ల ఆమెది తగ్గింది, అయినా ఉండాల్సినంత తగ్గలేదు. ఈసారి పత్రంలో ఆ వాక్యం మార్చాం, ఎవరి ఫలితం వాళ్లకు చెప్పాలని. నేనే ఆశా ఫోన్‌కు చేసి, ఆమెను పిలవమని, స్వయంగా చెప్పాను. ఎంత తగ్గిందో, ఇంకా ఎందుకు జాగ్రత్తగా ఉండాలో, గోలీలు మానకూడదని.

ఆమె అంతా విని, "నాది సరే. మా చెల్లెది?" అన్నది.

"మీ చెల్లె పేరు మా దగ్గర లేదక్కా. ఆమె కూడా ఏరను పోతదా?"

"పోతది. మీ ఊరికి రాదు. చండ్రుగొండ దిక్కు పోతది."

"ఎవరి కల్లం?"

"ఎవరిదో తెల్వదు. పొద్దుగూకంగ జరం వస్తుందంట."

ఆ ఊరి పేరు చెప్పమన్నాను. ఆమె చెప్పింది, మళ్లీ నిదానంగా చెప్పింది, నేను రాసుకున్నాను. ఆ ఆదివారం పొద్దున్నే చండ్రుగొండ పోవడానికి కొత్తగూడెం బస్సెక్కాను.